పొద్దు వెంట తిరిగిన తరగతి

ఎనిమిదో తరగతిని పత్తి గోదాములోకి మార్చినప్పటి నుంచి సంతోషికి బడంటే ఇష్టం పెరిగింది. ఆ మాట ఎవరితోనూ అనలేదు. అంటే నవ్వుతారని తెలుసు. మిగతా పిల్లలు ఆ గోదామును తిట్టుకోని రోజు లేదు.

ఆ ఊరు కోసిగి నుంచి ఆదోనికి పోయే దారిలో ఉంది. హైస్కూల్లో పాత గది కప్పు పెచ్చులూడుతోందని తాళం వేశారు. కొత్త గదులేమో పిల్లర్ల దాకా లేచి ఆగిపోయాయి. బడి ప్రహరీని ఆనుకుని, ఒకప్పుడు పత్తి నిలవ చేసిన గోదాము ఖాళీగా పడి ఉంది. పిల్లలు కూర్చుంటారంటే దాని ఆసామి కాదనలేదు. బెంచీలు మోసుకొచ్చి వరసగా వేశారు. తూర్పు గోడకు నల్లబల్ల తగిలించారు. అదే తరగతి గది అయింది.

దానికి కిటికీలు లేవు. ఉత్తరం వైపు పెద్ద ఇనుప తలుపు ఒకటి. పైన రేకుల కప్పుకు కాస్త కిందుగా, తూర్పు గోడకూ పడమటి గోడకూ వెంటిలేటర్లు. తలుపు తీస్తే రోడ్డు మీది ట్రాక్టర్ల మోత, దుమ్ము. మూస్తే చీకటి. ఉన్న ఒక్క బల్బు కరెంటు ఉన్నప్పుడు కూడా నిద్రమొహంతో వెలిగేది.

ఆ చీకట్లోకి వెంటిలేటర్ల గుండా ఎండ దిగేది. వాలుగా వచ్చి బండల నేల మీద చాపలా పరుచుకునేది. గోడ పగుళ్ళలో, రేకుల సందుల్లో ఏనాటిదో పత్తి నూగు ఇరుక్కుని ఉంది. గాలి కాస్త కదిలితే చాలు, నూగు రాలేది. చీకట్లో ఉన్నంతసేపూ కనబడని పోగు ఎండలోకి రాగానే వెండిలా మెరిసి, తాపీగా తేలి, మళ్ళీ చీకట్లోకి పోయేది. నైరుతి మూల చివరి బెంచీలో కూర్చుని సంతోషి వాటినే చూసేది. ఈ గోదాము నిద్రపోతోంది, ఇవి దాని కలలు, పత్తి తప్ప దానికి వేరే కల ఏం వస్తుంది పాపం అనుకునేది. అనుకుంటూ అనుకుంటూ తానూ ఆ పోగుల్లో ఒకటై కప్పు కింద తేలుతున్నట్టు ఉండేది. అంతలో ఏ సారో పేరు పెట్టి పిలిచేవాడు. ఆమె లేచి నిలబడేది. అడిగిందేమిటో తెలిసేది కాదు.

"ఆ పిల్లకు సెప్పినా ఒకటే, గోడకు సెప్పినా ఒకటే సార్. పైకే సూస్తా ఉంటాది," అనేవాడు నాగేంద్ర. ముందు బెంచీలో కూర్చునేవాడు. తరగతిలో మొదటి మార్కులు వాడివే. మాటలో విషం లేదు, తొందర మాత్రం ఉండేది.

ఆగస్టు నెలలో కృష్ణవేణి మేడమ్ ఆ పని పెట్టింది. ఆమె సైన్సు చెబుతుంది. పుట్టింటివాళ్ళు మంత్రాలయంలో గుడి కైంకర్యంలో ఉన్నవాళ్ళు. తాను ఆదోనిలో ఉంటూ రోజూ బస్సులో వచ్చి పోతుంది. ఒక ఉదయం నల్లబల్ల మీద ఏమీ రాయకుండా, బెంచీల మధ్య నడుస్తూ చెప్పింది.

"ఈ గది మనకు ఎన్నాళ్ళుంటుందో తెలీదు. ఉన్నన్నాళ్ళూ మనదే. ఇందులో మీకు కష్టంగా ఉన్నదేదో జట్లు జట్లుగా కూచుని మీరే కనిపెట్టండి. దానికి దారి కూడా మీరే వెతకండి. నేనైతే చెప్పను. నాకూ తెలీదు."

ఒక జట్టు తలుపు మోత పట్టుకుంది. ఒక జట్టు తాగే నీళ్ళ గోలెం సంగతి పట్టుకుంది. నాగేంద్ర, ప్రదీపు, హెప్సిబా, సంతోషి ఒక జట్టుగా పడ్డారు. హెప్సిబా సంతోషికి పక్క వీధి పిల్ల. వాళ్ళ నాయన శామ్యూల్ ఆదోనిలో దుకాణాలకు బోర్డులు రాస్తాడు.

"మన కష్టం ఏందో సెప్పండి బిన్న," అన్నాడు నాగేంద్ర తొందరపెడుతూ. "నాకైతే ఏ కష్టమూ లేదు."

"నాకు బోర్డు కనపడదు," అంది హెప్సిబా.

"అద్దాలు పెట్టుకో."

"కండ్లు బాగనే ఉండాయప్పా. నువ్వొచ్చి నా తావ కూచ్చో, తెలుస్తాది."

ఆ మాట మేడమ్ చెవిన పడింది. "మంచి మాటే కదా," అంది. "రేపు అందరూ చోట్లు మార్చుకోండి. ముందువాళ్ళు వెనక్కి, వెనకవాళ్ళు ముందుకు."

మర్నాడు నాగేంద్ర నైరుతి మూలకు వచ్చి కూర్చున్నాడు. సంతోషి వాడి చోట కూర్చుంది. నల్లబల్ల అంత దగ్గరగా ఆమె ఎప్పుడూ చూడలేదు. మీద పాత అక్షరాల జాడలు, చాక్‌పీసు గీతల కింద మరిన్ని గీతలు, ఎండిపోయిన వంకలో నీళ్ళు పారిన గుర్తుల్లా ఉన్నాయి. ముచ్చటేసింది. కానీ వెనక్కి తిరిగితే తప్ప ఎండ కనబడలేదు. తిరగడానికి మొహమాటపడి ఊరుకుంది.

మధ్యాహ్నానికి నాగేంద్ర తల పట్టుకున్నాడు. నల్లబల్లకు పైనే తూర్పు వెంటిలేటర్లు. పొద్దున అటు చూస్తే కంట్లో వెలుగు గుచ్చుకునేది. దాని కింద బల్ల ఒట్టి నల్లటి గుంతలా ఉండేది.

"ఇన్నాళ్ళూ మీరు ఏం సదివినార్రా ఈడ?" అన్నాడు ప్రదీపుతో. తరువాత సంతోషి వైపు తిరిగి, కాస్త గొంతు తగ్గించి, "అందుకేనా నువ్వు పైకి సూసేది?" అని అడిగాడు.

సంతోషికి అబద్ధం చెప్పాలనిపించలేదు. "కాదు. నాకు ఎండ సూడ్డం ఇష్టం. అది యాడ యాడికి పోతాదో సూస్తా ఉంటా."

"యాడికి పోతాది?"

ఇంతవరకు ఆ మాట ఆమెను ఎవరూ అడగలేదు. సంతోషి లేచి నడిచి చూపించింది. బడి గంట కొట్టే వేళకు ఎండ ఈ వెనక బెంచీల మీద ఉంటుంది. ప్రార్థన అయ్యి హాజరు పిలిచేసరికి ఈ బండ దాటుతుంది. లెక్కల సారు వచ్చేసరికి మధ్యకు. అట్లా నల్లబల్ల కిందికి పోయి, సన్నబడి, అన్నం వేళకు ఉండదు. మళ్ళీ మాపటి తరగతులకు పడమటి గోడ మొదట్లో పుడుతుంది. పుట్టి, పొద్దుటి దారినే మళ్ళీ నడిచి, ఇంటిగంటకు తూర్పు గోడ ఎక్కుతుంది.

ప్రదీపు నేల మీది బండలను కొత్తగా చూసినట్టు చూశాడు.

"అయితే ఎండ మన తావకి రాదు. మనమే దాని తావకి పోవల్ల," అన్నాడు నాగేంద్ర. అన్న మరుక్షణం బొగ్గుముక్క కోసం బయటికి పరుగెత్తాడు. సంతోషి చెప్పిన చోటల్లా నేల మీద గుర్తులు పెట్టారు. అవి పడవ వెళ్ళిన దారిలా గది ఈ కొస నుంచి ఆ కొసకు వంపు తిరిగాయి.

చెప్పడం సులువు. చేయబోతే గది రణరంగమైంది. గంట గంటకూ బెంచీలు జరపాలి. ఇనుప కాళ్ళు బండల మీద గీరుకుంటే ప్రహరీ అవతల ఏడో తరగతిలో చెవులు మూసుకునేవాళ్ళు. ఎండలోనే కూర్చుంటే పుస్తకం తెల్లగా మండి అక్షరం కనబడలేదు. నడినెత్తి కాలి ఇద్దరు పిల్లలకు తలనొప్పి వచ్చింది. మూడోసారి బెంచీలు జరుపుతున్నప్పుడు హెడ్మాస్టరు శ్రీపాదరావు సారు గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"బడా ఇది, బయలాటా?" అన్నాడు నెమ్మదిగా. ఆయన గట్టిగా అరవడు. అరవకపోవడమే పిల్లలకు భయం. "కృష్ణవేణమ్మా, బెంచీలు యాడివాడ పెట్టించండి."

బెంచీలు మళ్ళీ వరసకు వచ్చాయి. నాగేంద్ర రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. వాడికి ఓడిపోవడం అలవాటు లేదు. సంతోషికి మాత్రం పెద్దగా బాధ కలగలేదు. ఎండను చూసేవాళ్ళు ఇప్పుడు తరగతిలో చాలామంది ఉన్నారు. పాఠం మధ్యలో తలలు మెల్లగా పక్కకు తిరగడం, ఒక పోగు మెరిసి పోయేదాకా ఆగి మళ్ళీ ముందుకు తిరగడం ఆమె వెనక నుంచి గమనించేది. తన కలలోకి జనం వచ్చి కూర్చున్నట్టు ఉండేది.

అలాంటి ఒక మధ్యాహ్నం హెప్సిబా చున్నీ జారింది. చర్చిలో పాట నేర్చుకోవడానికి బడి నుంచి నేరుగా పోవాలని, ఆ రోజు తెల్ల చున్నీ సంచిలో పెట్టుకుని వచ్చింది. ఏదో తీయబోతే అది జారి నేల మీద ఎండలో పడింది. సగం విచ్చుకుంది.

కప్పు వెలిగింది.

సంతోషి ముందు నమ్మలేదు. ఎప్పుడూ కనబడని రేకుల గాడులు, తుప్పు మరకలు, పక్షి కట్టి వదిలేసిన గూడు, అన్నీ మెత్తటి పాలవెలుగులో తేలాయి. ఆ వెలుగు కప్పు మీద నుంచి కిందికి, పిల్లల జుట్టు మీదికి, తెరిచి ఉన్న పుస్తకాల మీదికి దిగింది. చున్నీ తీసుకోవడానికి హెప్సిబా వంగింది.

"తీయొద్దుమే," అంది సంతోషి. తరగతి మధ్యలో ఆమె అంత పెద్ద గొంతుతో మాట్లాడడం అదే మొదలు. "అట్లే ఉండనీ. పూర్తిగా పరువు."

పరిచారు. గది ఇంకా విచ్చుకుంది. సోషలు సారు పాఠం ఆపి, చాక్‌పీసు పట్టుకున్న చేత్తోనే కళ్ళద్దాలు సర్దుకుని పైకి చూశాడు. నిద్రపోతున్న పెద్దమనిషి కళ్ళు తెరుస్తుంటే చూస్తున్నట్టు అందరూ ఊపిరి బిగబట్టారు.

అప్పుడు వాళ్ళకు తెలిసింది, జరగవలసింది బెంచీలు కావని. తెల్లగుడ్డ జరిగితే చాలు.

హెప్సిబా చర్చిలో తీసేసిన పాత తెర ఒకటి అడిగి తెచ్చింది. నాగేంద్ర తన తాత పంచె ఒకటి తెచ్చాడు. రెండూ కలిపి కుట్టమని సంతోషి ఇంట్లో అమ్మ దానమ్మ ముందు పెట్టింది. దానమ్మ అప్పుడే చేను నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది.

"ఇంత గుడ్డ ఏంటికే?"

"ఎండ కింద పరచనీకి."

దానమ్మ కూతురి మొహంలోకి చూసింది. జ్వరమేమో అని చెయ్యి నుదుటి మీద పెట్టింది. తరువాత సూదీ దారం తెచ్చుకుని గడప మీద కూర్చుంది. కుడుతున్నంతసేపూ సంతోషి చెప్పుకుంటూ పోయింది. పంచె అంచూ తెర అంచూ కలిసిన చోట దానమ్మ రెండు వరసలు కుట్టింది. "గట్టిగుంటాది లే," అంది.

బెంచీల సంగతి కూడా తేలింది. వరసలు తీసేసి, ఎండ నడిచే దారిని వదిలి, దానికి అటూ ఇటూ ఎదురెదురుగా వేశారు. తూర్పు గోడ మీది నల్లబల్ల తీసేసి దక్షిణపు గోడను ఎంచుకున్నారు. ఆ గోడ మీద శామ్యూల్ ఒక ఆదివారం వచ్చి, మిగిలిన నల్లరంగుతో ఈ కొస నుంచి ఆ కొస దాకా పొడుగాటి బల్ల రాసి ఇచ్చాడు. గది మధ్యలో గుడ్డ, గుడ్డ మీద ఎండ. రోజుకొకరు ఎండ కాపరి. గుడ్డను పొద్దుతోపాటు మెల్లగా లాగడమే వాళ్ళ పని. మొదటి రోజు కాపరి ఎవరని మేడమ్ అడిగితే నాగేంద్రే చెయ్యెత్తి సంతోషిని చూపించాడు.

శ్రీపాదరావు సారు రెండోసారి వచ్చినప్పుడు ఒక బెంచీ చివర కూర్చున్నాడు. ఆయన కళ్ళకు శుక్లాలున్నాయి. బడిలో ఏ కాగితమైనా మొహం దగ్గరికి తెచ్చుకుని చదివేవాడు. పక్కనున్న ప్రదీపు తెలుగు వాచకం తీసుకుని తెరిచాడు. మామూలుగా ఒళ్ళో పెట్టుకుని ఒక పుట చదివాడు. తిప్పాడు. ఇంకో పుట చదివాడు. గుడ్డ లాగుతున్న సంతోషి ఆయన కాళ్ళ దగ్గరికి వచ్చి ఆగింది. ఆయన కాళ్ళు పక్కకు తీసి దారి ఇచ్చాడు.

పోతూ పోతూ, "ఎవరైనా ఆఫీసర్లు వస్తే నాకు ముందు సెప్పండి. బెంచీలు ఎందుకిట్ల ఉండాయో నేనే సెప్తా," అన్నాడు.

ఆ రెండు నెలలూ సంతోషికి మెలకువలో ఉన్నట్టే లేదు. పాఠాలు కూడా ఆ పాలవెలుగులో వేరుగా వినిపించేవి. నదుల పేర్లు చెబుతుంటే గుడ్డ మీద నీళ్ళు కదిలినట్టు ఉండేది. తేలే నూగు కూడా ఇప్పుడు ఒక చారలో కాక గదంతా కనబడేది. అడిగిన ప్రశ్నలకు ఆమె జవాబులు చెప్పడం మొదలుపెట్టింది. అన్నీ సరైనవి కావు. కానీ అడిగిందేమిటో తెలిసేది.

దీపావళి దాటింది. వానలు ఆ ఏడు కూడా సరిగా పడలేదు. వేరుశనగ చేలు పీకాల్సిన పని లేకుండానే ఎండిపోయాయి. ఊళ్ళో ఒక్కొక్క ఇంటికీ తాళం పడుతోంది. సుగ్గికి పోయేవాళ్ళ లారీలు వీధి చివర ఆగుతున్నాయి. సుగ్గి అంటే ఆ పక్క ఊళ్ళ మాటలో, పని వెతుక్కుంటూ గుంటూరు వైపో తెలంగాణ వైపో కుటుంబాలతో పోవడం. సంతోషి నాయన గోవిందు ఒక మాపటేళ అన్నం తింటూ, పళ్ళెంలోకి చూస్తూ చెప్పాడు, గుంటూరు పక్క మేస్త్రీ కబురు పంపినాడని.

ఆ సంగతి తెలిసి మేడమ్ సంతోషి వాళ్ళ ఇంటికి వచ్చింది. పిల్లను హాస్టల్లో ఉంచమని, తాను చూసుకుంటానని చెప్పింది. దానమ్మ ఆమెకు నీళ్ళిచ్చి, చంటివాణ్ణి ఒళ్ళో వేసుకుని ఎదురుగా కూర్చుంది.

"మీ మాట కాదనేది లేదు మేడమ్. మేమిద్దరం పొద్దుమానం చేన్లో ఉంటాం. సిన్నోడు ఇంకా పాలు మరవలే. గుడారంలో వాని తావ ఎవురుండల్ల? వచ్చే ఏడు వాడు నడుస్తాడు. వచ్చే ఏడు ఈమెను యాడికీ తీసకపోను. ఇది నా మాట."

మేడమ్ చిన్నవాడి తల నిమిరి లేచింది. ఆమె పోయాక దానమ్మ కూతురి తల దువ్వుతూ, "బడి యాడికీ పోదు లేమ్మా," అంది.

"బడి పోదు. ఎండ పోతాది," అంది సంతోషి.

దానమ్మకు అర్థం కాలేదు. అయినా దువ్వెన ఆపింది.

గుంటూరు వైపు నేల నల్లగా, తడిగా ఉంది. ముందు పత్తి తీశారు. ఆ తరువాత మిరప పండింది. చేల గట్ల మీద గుడారాలు. తమ్ముణ్ణి ఉయ్యాలలో వేసి సంతోషి గుడారం ముందు కూర్చునేది. ఎదురుగా కళ్ళం నిండా ఎర్రగా మిరపకాయలు. పొద్దున వాటి మీద ఎండ పడితే ఎరుపు గాలిలోకి లేచి, గుడారం తెల్ల పట్టా మీద కూడా గులాబీ రంగు పాకేది. వాడు నిద్రపోయినప్పుడు ఆమె కళ్ళు మూసుకునేది. ఈ వేళకు గుడ్డ ఎక్కడుంటుంది? లెక్కల సారు వచ్చి ఉంటాడు. ఇప్పుడు మధ్య బండ మీద. ఈ రోజు కాపరి ఎవరు? ఘాటుకు తుమ్ము వచ్చి కళ్ళు తెరిస్తే కప్పు ఉండేది కాదు, ఒట్టి ఆకాశం.

క్రిస్మస్ సెలవుల తరువాత ఒక రోజు గోవిందు చేలో నుంచి ఫోను పట్టుకుని పరుగు లాంటి నడకతో వచ్చాడు. "మీ మేడమమ్మ," అని చేతికిచ్చాడు. ఫోనులో మేడమ్ గొంతు ఒక్క మాటే అంది, "ఉండు, వీళ్ళు మాట్లాడుతారంట." తరువాత హెప్సిబా.

"సంతోషీ, ఎండ తప్పిపోయిందే."

"తప్పిపోయిందా?"

"గుడ్డ మీద పడ్డం లేదు. నువ్వు పెట్టించిన గుర్తుల మీద పరుస్తాండాం. రవ్వంత అంచుకు తగిలి పోతాంది. గదంతా మళ్ళా సీకటి."

నాగేంద్ర ఫోను లాక్కున్నట్టున్నాడు. "గుర్తులు తప్పు పెట్టించినావా?" అన్నాడు. కోపంగా కాదు, దిగులుగా.

సంతోషి తప్పేమో అనుకుంది. అప్పుడే ఎదురుగా ఉయ్యాల కట్టిన గుంజ నీడ కనబడింది. వచ్చిన కొత్తలో ఈ వేళకు ఆ నీడ ఇంకా పొట్టిగా ఉండేది. ఇప్పుడు ఉత్తరానికి సాగి తమ్ముడి పాలసీసా దాకా వచ్చింది. రోజూ చూస్తూనే ఉంది. చూస్తున్నానని తెలియకుండా చూసింది.

"గుర్తులు తప్పు కాదు," అంది మెల్లగా. "పొద్దు దారి మార్చింది. నీడలు ఉత్తరానికి పోతాండాయి ఈడ. ఎండ కూడా వాకిలి పక్కకు పోయింటాది సూడు."

"ఎంత జరపల్ల?"

"నాకు తెలీదు."

"నీకు తెలీకుంటే ఎవురికి తెలుస్తాదే?"

"నేను ఈడుండా కదా నాగేంద్రా. నువ్వే సూడు. గుర్తులు సూడొద్దు, ఎండను సూడు. వచ్చేదాకా కూచ్చోని సూడు."

అవతల ఏదో గుసగుస. తరువాత ఫోను బెంచీ మీద పెట్టిన చప్పుడు. ఎవరూ కట్ చేయలేదు. సంతోషి చెవికి ఆనించుకుని అలాగే ఉంది. ఒక బెంచీ కిర్రుమంది. ఎవరో దగ్గారు. దూరంగా ట్రాక్టరు ఒకటి పోయింది, తమ ఊరి రోడ్డు మీద. ఆ తరువాత నిశ్శబ్దం. అది ఖాళీ నిశ్శబ్దం కాదు. తరగతంతా కూర్చుని ఎండ కోసం చూస్తున్న నిశ్శబ్దం. ఆ మూల నుంచి ఇన్నాళ్ళూ తాను ఒక్కతే చూసిన చూపు ఇప్పుడు అందరి కళ్ళలో ఉంది. ఎర్రటి కళ్ళం ముందు కూర్చుని ఆమె దాన్ని విన్నది. గోవిందు ఫోను కోసం చెయ్యి చాపబోయి, కూతురి మొహం చూసి, చేయి వెనక్కి తీసుకున్నాడు. అక్కడే గట్టు మీద కూర్చున్నాడు.

ఎంతసేపటికో గుడ్డ నేల మీద రాసుకుపోయిన చప్పుడు వినిపించింది. ఆ వెంటనే చాలామంది ఒక్కసారి ఊపిరి వదిలారు.

"వచ్చింది," అన్నాడు నాగేంద్ర ఫోనులో. వాడి గొంతు ఎన్నడూ అంత నెమ్మదిగా లేదు. "ఇప్పుడు వాకిలి తావ ఉండాది. మేము రోజూ సూస్తాం లే."

ఫోను ఇచ్చేశాక సంతోషి తమ్ముడి ఉయ్యాల ఊపుతూ ఏడ్చింది. దిగులా, సంతోషమా అని గోవిందు అడగలేదు. ఆమెకూ తెలియదు. తన ఒక్కదానిదిగా ఉన్నదేదో చేయి జారింది. జారి, అందరి చేతుల్లో పడింది.

ఉగాది దగ్గర పడుతుండగా వాళ్ళు ఊరికి తిరిగి వచ్చారు. లారీ దిగిన మర్నాడు సంతోషి బడికి పోయింది. ఆలస్యమైంది. అప్పటికే ఎండ నడినెత్తికి వచ్చింది. గోదాము తలుపు ఓరగా వేసి ఉంది. లోపలికి అడుగు పెట్టేసరికి చీకటి. నేల మీద పాత బొగ్గు గుర్తుల పక్కన కొత్త గుర్తులున్నాయి, రకరకాల చేతులవి, కొన్ని వాకిలి దాకా పోయి మళ్ళీ వెనక్కి మళ్ళినవి. గుడ్డ మడిచి బెంచీ మీద పెట్టి ఉంది. పిల్లలంతా కళ్ళు మూసుకుని కూర్చున్నారు. మేడమ్ కూడా.

హెప్సిబా ఒక కన్ను తెరిచి చూసి, గబుక్కున జరిగి చోటిచ్చింది. చెవిలో చెప్పింది.

"ఎండ లేని ఈ రవ్వంతసేపు ఏమీ సదవం. ఎవురో ఒకరు తాము సూసింది సెప్తారు. మిగతావాళ్ళు కండ్లు మూసుకోని సూస్తారు. మన నాగేంద్ర సెప్పిన ఉపాయం."

సంతోషి నాగేంద్ర వైపు చూసింది. వాడి మొహం కప్పు వైపు ఎత్తి ఉంది, కళ్ళు మూసి ఉన్నాయి, పెదవుల మీద తనకే తెలియని నవ్వు. మొదటి మార్కుల పిల్లవాడు అలా ఉంటాడని ఆమె ఎన్నడూ అనుకోలేదు. మార్కులు తగ్గినాయేమో అడగాలి అనుకుంది. తరువాత అడగొద్దులే అనుకుంది.

"ఎవరు వచ్చింది?" అంది మేడమ్ కళ్ళు తెరవకుండానే.

"నేను మేడమ్. సంతోషి."

బెంచీలు కదిలాయి. ఎవరూ లేచి గోల చేయలేదు. కళ్ళు కూడా తెరవలేదు. కానీ అందరూ ఆమె గొంతు వచ్చిన వైపుకు మొహాలు తిప్పారు.

"చాలా దూరం పోయి వచ్చినావు కదమ్మా," అంది మేడమ్. "ఈ రోజు నువ్వు చెప్పు."

సంతోషి హెప్సిబా పక్కన కూర్చుంది. బండల చల్లదనం పాదాలకు హాయిగా తగిలింది. తానూ కళ్ళు మూసుకుంది.

"ఆడ నేల నల్లగుంటాది," అంది. "ముందు అది సూడండి. నల్లటి నేల, తడిసింది. దాని మీద ఒక కళ్ళం. యాడ సూసినా మిరపకాయలే. పొద్దు ఇంకా రాలేదు, అందుకని అవి ఎర్రగా లేవు, నల్లగానే ఉండాయి. ఇప్పుడు పొద్దు వస్తాంది..."

చీకట్లో ఎవరో చిన్నగా తుమ్మారు.